రెక్క ఎంత బరువు మోయాలి? – శామ్యూల్ లాంగ్లీ జీవితగాథ

గొప్పవారి జీవితాలు చదివేటప్పుడు మనం సాధారణంగా వారి విజయాలనే చూస్తాము. విజయం సాధించి, ఆ తర్వాత అందరి ముందు ఓడిపోయి, ఆ ఓటమితోనే లోకానికి పాఠం చెప్పినవారు కొద్దిమంది ఉంటారు. అమెరికా శాస్త్రజ్ఞుడు శామ్యూల్ పియర్‌పాంట్ లాంగ్లీ అటువంటివారు. మనిషి లేకుండా ఇంజనుతో ఎగిరే విమానాన్ని 1896లోనే ఒక కిలోమీటరు దూరం నడిపించిన ఘనత ఆయనది. ఏడేళ్ల తర్వాత మనిషిని కూర్చోబెట్టిన పెద్ద విమానం రెండుసార్లు నదిలో కూలిన అపఖ్యాతీ ఆయనదే. ఈ రెంటి మధ్య ఉన్నది ఒక్క ప్రశ్న: విమానం రెక్క ఎంత బరువు మోసేలా కట్టాలి?

ఈ ప్రశ్న మనకెందుకు అని మిత్రులు అనుకోవచ్చు. ఈనాడు కథలాపూర్, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల పెళ్లిళ్లలో డ్రోన్ కెమెరా తిరగని పందిరి అరుదు. పొలాలపై మందు పిచికారీ చేసే డ్రోన్లూ వచ్చాయి. మన మనుమలు ఇంజనీరింగు కళాశాలల్లో చిన్న విమానాలు తయారు చేస్తున్నారు. మన ఇళ్లనుంచి గల్ఫ్ దేశాలకు విమానమెక్కి వెళ్లినవారు ఎందరో ఉన్నారు. వారందరినీ మోసే రెక్కల వెనుక ఈ ప్రశ్న ఉన్నది. కనుక లాంగ్లీ కథ తెలుసుకోవడం వ్యర్థం కాదు.

చదువు – స్వయంకృషి

లాంగ్లీ 1834 ఆగస్టు 22న అమెరికాలోని బోస్టన్ నగరం పక్కనున్న రాక్స్‌బరీలో జన్మించారు. బోస్టన్‌లోనే హైస్కూలు చదువు పూర్తి చేశారు. కళాశాల మెట్లు ఎక్కలేదు. తర్వాతి కాలంలో ఎన్నో విశ్వవిద్యాలయాలు గౌరవ పట్టాలిచ్చిన ఈ శాస్త్రజ్ఞునికి చదివి సంపాదించుకున్న డిగ్రీ ఒక్కటీ లేదు. యౌవనంలో సెయింట్ లూయిస్, షికాగో నగరాల్లో భవన నిర్మాణ రంగంలో నమూనాలు గీసే పని చేశారు. దూలం ఎంత మందం ఉండాలి, కప్పు బరువు గోడపై ఎలా పడుతుంది అన్న విషయాలతో ఆయనకు పరిచయం అక్కడే కలిగింది.

ఆకాశం చూడాలన్న కోరిక చిన్ననాటినుంచి ఉండేది. సోదరునితో కలిసి దూరదర్శినులు స్వయంగా తయారు చేసుకున్నారు. హార్వర్డ్ నక్షత్రశాలలో సహాయకుడుగా చేరి, ఆ తర్వాత నౌకాదళ అకాడమీలో కొంతకాలం పనిచేసి, 1867లో పిట్స్‌బర్గ్ సమీపాన ఉన్న ఆలిఘెనీ నక్షత్రశాలకు అధిపతి అయ్యారు. అక్కడ ఇరవై ఏళ్లు గడిపారు.

ఆయన చేరేనాటికి ఆ నక్షత్రశాలకు పేరే గాని నిధులు లేవు. లాంగ్లీ ఒక ఉపాయం ఆలోచించారు. ఆ రోజుల్లో ఒక్కో ఊరి గడియారం ఒక్కో సమయం చూపేది. రైళ్లకు అది పెద్ద చిక్కు. నక్షత్రాలను గమనించి నిర్ణయించిన ఖచ్చితమైన సమయాన్ని టెలిగ్రాఫ్ తీగలద్వారా రైల్వే కంపెనీలకు అందించి, అందుకు రుసుము వసూలు చేశారు. ఆ డబ్బుతో నక్షత్రశాల నిలబడింది. ఆఫీసు నడిపిన అనుభవమున్న మన మిత్రులు ఈ పనిని మెచ్చుకోక మానరు.

సుమారు 1880లో ఆయన బోలోమీటర్ అనే సాధనం రూపొందించారు. అతి సన్నని లోహపు పట్టీపై వేడి తగిలితే దానిలోని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పును కొలిచి, డిగ్రీలో అతి స్వల్పభాగమైన వేడినికూడా ఇది పట్టుకోగలదు. 1881లో ఈ సాధనాన్ని తీసుకుని కాలిఫోర్నియాలోని విట్నీ పర్వతంపైకి వెళ్లి సూర్యుని వేడిని కొలిచారు. ఎండ తీవ్రతను లెక్కించే ఒక కొలతకు తర్వాతివారు లాంగ్లీ అని ఆయన పేరే పెట్టారు.

గాలి మీదికి చూపు

1887లో లాంగ్లీ వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు కార్యదర్శి అయ్యారు. అమెరికాలో శాస్త్రరంగానికి సంబంధించిన అత్యున్నత పదవుల్లో అది ఒకటి. జాతీయ జంతుప్రదర్శనశాల ఏర్పాటుకు, ఖగోళ భౌతిక పరిశోధనశాల స్థాపనకు ఆయన కృషి చేశారు. పిల్లలకోసం మ్యూజియంలో ప్రత్యేక గది తెరిపించారు. పెళ్లి చేసుకోలేదు. సంస్థయే ఆయన సంసారం.

అప్పటికే ఆయన మనసు ఎగరడంపైకి మళ్లింది. గాలికంటే బరువైన యంత్రం ఎగరదని పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులే నమ్ముతున్న కాలమది. లాంగ్లీ వాదనకు దిగలేదు, కొలతకు దిగారు. ఆలిఘెనీలో 60 అడుగుల వ్యాసంలో తిరిగే పెద్ద చక్రయంత్రం కట్టించి, దాని చేతుల చివర పలకలు బిగించి, వేగంగా తిప్పి, గాలి వాటిని ఎంత బలంతో పైకి నెట్టుతుందో లెక్క రాశారు. 1891లో ఆ ఫలితాలను గ్రంథంగా ప్రచురించారు. అందులో కొన్ని లెక్కలు తర్వాత తప్పని తేలాయి. అయినా పేరుపొందిన శాస్త్రజ్ఞుడు ఈ విషయాన్ని చేపట్టడంతో దానికి మర్యాద వచ్చింది.

ఆ తర్వాత రబ్బరు పట్టీలతో ఎగిరే చిన్న బొమ్మలు అనేకం చేశారు. అనంతరం ఆవిరి ఇంజనుతో నడిచే మనిషి లేని విమానాలకు పూనుకున్నారు. వాటికి ఏరోడ్రోమ్ అని పేరు పెట్టి, సున్నానుంచి ఆరు వరకు సంఖ్యలు ఇచ్చారు.

పదకొండు కిలోల విమానం

మొదటి యంత్రాలు ఎగరలేదు. కారణం ప్రతిసారీ రెంటిలో ఒకటి. గట్టిగా కడితే బరువు పెరిగి ఇంజను లేపలేకపోయేది. తేలికగా కడితే రెక్క వంగిపోయేది. నేలపై చూసినప్పుడు చక్కగా ఉన్న రెక్క గాలిలోకి వెళ్లగానే మెలి తిరిగి, గాలికి ఎదురుగా ఉండవలసిన కోణం మారిపోయేది. కోణం మారితే మోసే శక్తి పోతుంది. రెక్క విరగకపోయినా విమానం ముక్కు కిందికి దించుకుని నీటిలో పడేది.

లాంగ్లీ బృందం రెక్కలను తలకిందులుగా నిలిపి వాటిపై ఇసుక పోసి పరీక్షించేది. తలకిందులు చేయడం ఎందుకంటే, గాలిలో రెక్కను కిందినుంచి పైకి నెట్టే బలం ఉంటుంది. తిరగేసిన రెక్కపై ఇసుక బరువు సరిగ్గా ఆ దిశలోనే పనిచేస్తుంది. రెక్క ఎంత వంగిందో కొలిచి, అవసరమైనచోట ఊతకర్రలు, బిగింపు తీగలు చేర్చి, అనవసరమైనచోట కర్రను చెక్కి బరువు తగ్గించేవారు. ఈ పని సంవత్సరాల తరబడి సాగింది.

1896 మే 6న వర్జీనియా తీరంలో క్వాంటికో దగ్గర పొటోమాక్ నదిపై నిలిపిన పడవ ఇంటి కప్పునుంచి 5వ ఏరోడ్రోమ్‌ను వదిలారు. రెక్కల పొడవు 4.2 మీటర్లు, బరువు సుమారు 11 కిలోలు. అది సుమారు 1,000 మీటర్లు, వలయాలు తిరుగుతూ గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఎగిరి, ఆవిరి అయిపోగానే మెల్లగా నీటిపై వాలింది. అదే రోజు మళ్లీ ఎగురవేస్తే 700 మీటర్లు పోయింది. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ అక్కడే ఉండి ఫోటో తీశారు. నవంబరు 28న 6వ ఏరోడ్రోమ్ సుమారు 1,460 మీటర్లు వెళ్లింది.

మన దేశపు 2021 డ్రోన్ నియమాల ప్రకారం 2 కిలోలనుంచి 25 కిలోల వరకు బరువున్నవి చిన్న తరగతి డ్రోన్లు. లాంగ్లీ 5వ విమానం ఈనాడు ఉంటే ఆ తరగతిలోకే వచ్చేది.

భారపరిమితి అంటే ఏమిటి

ఎడ్లబండి ఉదాహరణ మన పాఠకులకు సులభంగా అర్థమవుతుంది. చదును బాటలో పది బస్తాలు మోసే బండి, అవే పది బస్తాలతో గుంతలో పడినప్పుడు ఇరుసు విరుగుతుంది. బస్తాలు పెరగలేదు. కుదుపు వల్ల ఆ క్షణంలో ఇరుసుపై పడిన భారం పెరిగింది. కనుక తెలిసిన వడ్రంగి బస్తాలను చూసి ఇరుసు చేయడు, బాటను చూసి చేస్తాడు.

విమానానిదీ అంతే. నిటారుగా, నిలకడగా ఎగిరేటప్పుడు రెక్క మోసేది విమానం బరువంత. దీనిని 1 అనుకుందాము. 60 డిగ్రీలు ఒరిగి ఎత్తు తగ్గకుండా మలుపు తిరిగితే ఆ భారం 2 రెట్లవుతుంది. విమానం గాలిలో నిలవడానికి కావలసిన కనీస వేగానికి రెట్టింపు వేగంలో పోతూ ఒక్కసారిగా ముక్కు పైకెత్తితే 4 రెట్ల వరకు పోగలదు. ఎందుకంటే వేగం రెట్టింపయితే గాలి బలం నాలుగు రెట్లవుతుంది. వీటికి తోడు సుడిగాలి దెబ్బ ఉంటుంది. రెక్క వైశాల్యానికి తగిన బరువు లేని తేలిక విమానాన్ని గాలి దెబ్బ ఎక్కువగా ఎగరేస్తుంది. కనుక చిన్న డ్రోన్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. చివరగా ఎగరవేసేటప్పుడు తగిలే కుదుపు, దిగేటప్పుడు తగిలే దెబ్బ.

వీటన్నింటిలో పెద్దది ఏదో చూసి, విమానం తన జీవితకాలంలో ఎదుర్కొనగల గరిష్ఠ భారాన్ని నిర్ణయిస్తారు. అదే పరిమితి భారం. అంత భారం పడినా రెక్క శాశ్వతంగా వంగిపోకూడదు. దానికి ఒకటిన్నర రెట్లు భారం పడినా విరగకూడదు. ఈ ఒకటిన్నర విమాన నిర్మాణంలో ఎంతోకాలంగా స్థిరపడిన భద్రతా గుణకం. మనుషులెక్కే సాధారణ చిన్న విమానాలకు పరిమితి భారం 3.8 రెట్లుగా తీసుకోవడం చాలాకాలంగా ఆనవాయితీ. ఉదాహరణకు 11 కిలోల చిన్న విమానానికి 4 రెట్లు పరిమితి పెట్టుకుంటే, దాని రెక్కలు 44 కిలోలు మోసి యథాస్థితికి రావాలి. 66 కిలోల వరకు విరగకుండా ఆగాలి.

మరి ఇంకా గట్టిగా, పది రెట్లు మోసేలా కట్టకూడదా? అక్కడే చిక్కు. గట్టి రెక్క బరువు రెక్క. దాన్ని లేపడానికి పెద్ద ఇంజను కావాలి. దానికి ఎక్కువ ఇంధనం కావాలి. ఆ బరువు మోయడానికి మళ్లీ గట్టి రెక్క కావాలి. ఇంటి ఖర్చులో అప్పుకు వడ్డీ, వడ్డీకి వడ్డీ పెరిగినట్లు ఇది పెరుగుతుంది. కనుక భారపరిమితి అనేది భయంతో పెంచేదీ కాదు, ఆశతో తగ్గించేదీ కాదు.

పెద్ద విమానం

1896 విజయాలతో లాంగ్లీ పని ముగించుకోవాలనుకున్నారు. కాని 1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చింది. మనిషిని మోసే విమానం తయారు చేయమని అమెరికా యుద్ధశాఖ 50,000 డాలర్లు మంజూరు చేసింది. అప్పటికి లాంగ్లీకి 64 ఏళ్లు. మన లెక్కలో పదవీ విరమణ చేసి విశ్రాంతి తీసుకునే వయసు.

ఆయన సహాయకుడు చార్లెస్ మాన్లీ అనే యువ ఇంజనీరు. 52 గుర్రపు శక్తిగల పెట్రోలు ఇంజనును మాన్లీ అతి తక్కువ బరువుతో తయారు చేశారు. ఆ రోజుల్లో అది అద్భుతమే. పెద్దదానిలో నాలుగోవంతు కొలతలున్న మనిషి లేని నమూనా ఒకటి పెట్రోలు ఇంజనుతో 1901లో, మళ్లీ 1903 ఆగస్టులో ఎగిరింది. దానితో బృందానికి ధైర్యం వచ్చింది. చిన్నది ఎగిరింది గనుక అదే రూపంలో పెద్దదీ ఎగురుతుందని భావించారు.

ఇక్కడ కొంచెం లెక్క అవసరం. పెద్ద విమానం రెక్కల పొడవు 14.8 మీటర్లు, అంటే 5వ ఏరోడ్రోమ్‌కు మూడున్నర రెట్లు. నడిపేవానితో కలిపి బరువు 340 కిలోలు, అంటే 30 రెట్లు. కొలతలన్నీ మూడున్నర రెట్లు పెంచామనుకుందాము. కర్ర అడ్డుకోత వైశాల్యం, తీగ మందపు వైశాల్యం సుమారు 12 రెట్లే పెరుగుతాయి. 30 రెట్ల బరువును 12 రెట్ల వైశాల్యం మోయాలి. అంటే ప్రతి కర్రపై, ప్రతి తీగపై ఒత్తిడి చిన్న విమానంలోకంటే సుమారు రెండున్నర రెట్లు. చిన్న యంత్రంలో మిగులుగా ఉన్న బలం పెద్దదానిలో కనబడకుండానే కరిగిపోయింది. ఒకే రూపంలో ఉన్న రెండు వస్తువులకు ఒకే బలం ఉండదు. చీమ తన బరువుకు ఎన్నో రెట్లు మోస్తుంది, ఏనుగు మోయలేదు. కారణం ఇదే.

మరొక లోపమూ ఉన్నది. ఇసుక పరీక్ష రెక్క వంగడాన్ని బాగా చూపుతుంది గాని, మెలి తిరగడాన్ని అంతగా చూపదు. గాలి బలం రెక్క ముందు దూలానికి సరిగ్గా పైన కాక కొంత వెనుకగా పనిచేస్తే రెక్క తడిబట్ట పిండినట్లు మెలి తిరుగుతుంది. పైగా విమానాన్ని పడవ కప్పుమీదినుంచి బిగించిన స్ప్రింగుల బలంతో ఒక్క ఉదుటున తోసేవారు. ఎగిరేటప్పటి భారం లెక్కలోకి వచ్చింది గాని, ఆ తోపుడు కుదుపు రెక్కలను, తోకను ఏం చేస్తుందో తగినంతగా లెక్కలోకి రాలేదు.

1903

1903 అక్టోబరు 7న మాన్లీ విమానంలో కూర్చున్నారు. యంత్రం పడవ కప్పు అంచు దాటగానే ముక్కు దించుకుని నదిలో పడింది. మాన్లీ ఈదుకుని బయటపడ్డారు. డిసెంబరు 8న వాషింగ్టన్ దగ్గర మళ్లీ ప్రయత్నించారు. ఈసారి అంచు దాటుతుండగానే వెనుక భాగం కూలి, యంత్రం నిలువునా లేచి వెల్లకిలా నీటిలో పడింది. గడ్డకట్టే చలిలో, చిక్కుకున్న తీగల మధ్యనుంచి మాన్లీ ప్రాణాలతో బయటికి రావడం అదృష్టమే.

లోపం విమానంలో లేదని, తోపుడు యంత్రంలో చిక్కుకోవడమే కారణమని లాంగ్లీ చివరివరకు నమ్మారు. తర్వాత పరిశీలించినవారిలో చాలామంది మాత్రం రెక్కల నిర్మాణంలోని బలహీనతనే ప్రధాన కారణంగా చెప్పారు.

తొమ్మిది రోజుల తర్వాత, డిసెంబరు 17న, కిట్టీహాక్ ఇసుక దిబ్బలపై రైట్ సోదరులు మనిషితో విమానం ఎగురవేశారు. సైకిళ్ల దుకాణం నడుపుకునే ఆ ఇద్దరికి అయిన ఖర్చు 1,000 డాలర్లు కూడా కాదు. వారి ఇంజను శక్తి 12 గుర్రాలే. వారు గాలిపటంతో మొదలుపెట్టి, మనిషి కూర్చునే గ్లైడరుతో వందలసార్లు ఎగిరి, ప్రతిసారీ యంత్రం ఎక్కడ వంగుతుందో, ఎక్కడ బిగించాలో తెలుసుకుంటూ ఇంజను వరకు వచ్చారు. మరొక మాట చెప్పక తప్పదు. 1899లో విల్బర్ రైట్ ఎగిరే విద్యకు సంబంధించిన పుస్తకాలకోసం ఉత్తరం రాసింది లాంగ్లీ నడిపే స్మిత్సోనియన్ సంస్థకే. సంస్థ వెంటనే పుస్తకాల జాబితా, కొన్ని వ్యాసాలు పంపింది. ఒక ఆఫీసు ఒక సామాన్యుని ఉత్తరానికి సకాలంలో ఇచ్చిన జవాబు చరిత్రలో ఎంత పనిచేసిందో చూడండి.

అవమానం – ఆత్మగౌరవం

లాంగ్లీని పత్రికలు ఎగతాళి చేశాయి. మనిషి ఎగరడానికి పది లక్షలనుంచి కోటి సంవత్సరాలు పట్టవచ్చని ఒక ప్రముఖ పత్రిక అక్టోబరులోనే రాసింది. చట్టసభలో ప్రజాధనం వృథా అయిందని విమర్శించారు. యుద్ధశాఖ ఇక డబ్బు ఇవ్వలేదు. వ్యాపారులు కొందరు సహాయం చేస్తామన్నా, లాభాపేక్షతో కూడిన సొమ్ము ఆయన తీసుకోలేదు.

దెబ్బమీద దెబ్బగా, 1905లో స్మిత్సోనియన్ సంస్థ లెక్కలు చూసే ఉద్యోగి సంస్థ సొమ్మును ఏళ్ల తరబడి కాజేసినట్లు బయటపడింది. లాంగ్లీకి అందులో పాత్ర లేదు. అయినా అధిపతిగా బాధ్యత తనదేనని భావించి, ఆ తర్వాత జీతం తీసుకోవడానికి నిరాకరించారు. చిన్న సంతకానికి కూడా జవాబుదారీ వహించి ఉద్యోగం చేసినవారికి ఆ మనోవేదన తెలుస్తుంది. ఆ సంవత్సరమే ఆయనకు పక్షవాతం వచ్చింది. 1906 ఫిబ్రవరి 27న దక్షిణ కరోలినాలోని ఏకెన్‌లో కన్నుమూశారు.

మరణానంతరం

లాంగ్లీ గౌరవాన్ని నిలబెట్టాలని ఆయన సంస్థవారు చేసిన పని ఆయనకు మేలుకంటే కీడే చేసింది. 1914లో నదిలో పడిన పాత విమానాన్ని బాగుచేయించి, అనేక మార్పులతో, రెక్కలకు కొత్త బలమిచ్చి, కొద్ది దూరం నీటిమీదినుంచి లేపించారు. అది 1903లోనే ఎగరగలిగి ఉండేదని ప్రదర్శనలో రాసిపెట్టారు. దీనికి నొచ్చుకున్న ఆర్విల్ రైట్ తమ విమానాన్ని 1928లో లండన్ మ్యూజియానికి పంపించివేశారు. 1942లో స్మిత్సోనియన్ సంస్థ ఆ మార్పుల వివరాలు ప్రచురించి తన మాట వెనక్కి తీసుకుంది. రైట్ విమానం 1948లో స్వదేశం చేరింది.

అయినా లాంగ్లీ పేరు చెరిగిపోలేదు. 1917లో వర్జీనియాలో నెలకొల్పిన ప్రభుత్వ విమాన పరిశోధనశాలకు ఆయన పేరు పెట్టారు. నాసా ఆధ్వర్యంలో అది నేటికీ పనిచేస్తున్నది. గాలి దెబ్బకు విమాన నిర్మాణంపై ఎంత భారం పడుతుందో ఎగిరే విమానాల్లోనే సాధనాలు పెట్టి దశాబ్దాల తరబడి కొలిచింది ఆ పరిశోధనశాలే. లాంగ్లీని ఓడించిన ప్రశ్నకు జవాబు ఆయన పేరు పెట్టుకున్న సంస్థలోనే దొరికింది.

మనవాళ్లకు

ఈనాడు చిన్న విమానం తయారు చేసే విద్యార్థికి కార్బన్ పీచు, కంప్యూటరు లెక్కలు, భారం మించకుండా చూసే ఆటోపైలట్ అన్నీ అందుబాటులో ఉన్నాయి. లోపల మనిషి లేడు గదా, విరిగితే యంత్రమే కదా పోయేది అని అనిపించడం సహజం. కాని దాని కింద పెళ్లి పందిరి ఉంటుంది, మక్క చేనులో కలుపు తీసే కూలీలు ఉంటారు, బడి పిల్లలు ఉంటారు. భారపరిమితి పైనున్నవారికోసమే కాదు, కిందనున్నవారికోసం కూడా. కనుక మన ఇంటి పిల్లలు అటువంటి పని చేపట్టినప్పుడు కొన్ని ప్రశ్నలు అడగవచ్చు. ఎగిరేటప్పటి భారమే లెక్క కట్టారా, తోసేటప్పటి కుదుపు కూడానా? వంగడం చూశారా, మెలి తిరగడం చూశారా? చిన్న నమూనా ఆగిందని పెద్దదీ ఆగుతుందనుకున్నారా? తలకిందులు చేసి ఇసుక సంచులు పెట్టి చూశారా?

ఈ ప్రశ్నలు అడగడానికి ఇంజనీరింగు పట్టా అక్కర లేదు. డిగ్రీ లేని లాంగ్లీ పదకొండు కిలోల విమానం దగ్గర ఏళ్ల తరబడి వీటిని అడిగి గెలిచారు. 340 కిలోల విమానం దగ్గర కాలం తరుముతుండగా అన్నీ అడగలేక ఓడారు. ఆ గెలుపూ ఆ ఓటమీ రెండూ కలిసినదే ఆయన జీవితం. రెంటికీ మనం కృతజ్ఞులమై ఉండాలి.